నీరెత్తు ఇంజను వాల్వులు: పరీక్షయు మరమ్మతును

ముంగారు వానలకు ముందే గొఱ్ఱును గుంటకను సవరించుకొనుట మన రైతులకు ఒకరు నేర్పవలసిన పని కాదు. కఱ్ఱు అరిగినచో కమ్మరి యొద్దకు పోవుదుము. ఎద్దు గిట్ట నొచ్చినచో లాడము కొట్టింతుము. కాని చేని గట్టున రేకుల కొట్టములో గోనెపట్ట కప్పుకొని పడియున్న ఆయిలు ఇంజను సంగతి చేను వాడుముఖము పట్టినదాక ఎవరికిని జ్ఞప్తికి రాదు. ఆ దినమున పోయి హాండిలు త్రిప్పుదుము, అది పలుకదు. అంతట మేస్త్రీకై పరుగు. మేస్త్రీ వచ్చులోపల నాలుగు దినములు గడచును. ఊడలు దిగి కాయ ఊరుచున్న వేరుశనగకు ఆ నాలుగు దినములే ప్రాణము.

ఈ సంచికలో ఆ యింజను వాల్వులను గూర్చి వ్రాయదలచితిమి. ఇంజను పలుకకుండుటకు డీజిలు అందకపోవుట, ఇంజెక్టరు చెడుట మొదలగు కారణములు వేఱుగ కలవు. అవి మఱియొక పాఠమునకు తగినవి. మేము చూచినంతలో, ఏండ్లు మూలబడిన పాత యింజనునకు పట్టు రోగములలో పెక్కు వాల్వుల యొద్దనే పుట్టుచున్నవి. వానిని కొలది ఖర్చుతో బావి యొద్దనే నయము చేసికొనవచ్చును. అయినను "కంప్రెషను లేదు" అన్న మాట చెవిని పడినతోడనే కొందఱు క్రొత్త పిస్టను, లైనరు కొని వేయించుచున్నారు. కొందఱు ఇంజనునే పాత యినుము క్రింద తూకమునకు అమ్మివేయుచున్నారు. ఈ రెండు నష్టములను తప్పించుటయే మా యుద్దేశము.

అనంతపురము సీమకు సాలీనా వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు వరుసగ పడక, రెండు తడులు కురిసి మూడు వారములు మొగము చాటువేయును. తొలుత కపిలలే మన బావుల నీరు తోడినవి. 1953 వఱకు మన జిల్లా చేరియుండిన మద్రాసు రాష్ట్రమున, 20వ శతాబ్ది తొలి సంవత్సరములలోనే ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అను ఇంజనీరు బావులపై ఆయిలు ఇంజన్లను పంపులను పెట్టించుటకు పాటుపడెను. పిమ్మట ఇంగ్లాండులోని డర్స్‌లీ యను ఊర లిస్టరు కంపెనీవారు 1930 ప్రాంతమున చేయ మొదలిడిన నిలువు ఇంజను మన దేశమున బాగుగ వ్యాపించినది. దాని పోలికనే గుజరాతులోని రాజకోట కార్ఖానాలు ఎన్నియో ఇంజన్లను చేసినవి. ఇరువైపుల రెండు బరువైన చక్రములు గలిగి, నిమిషమునకు 650 చుట్లు మాత్రము తిరుగుచు, "దుక్కు దుక్కు"మని పలుకు ఇంజను అదియే. 2004లో సేద్యపు పంపులకు ఉచిత విద్యుత్తు వచ్చిన తరువాత, అంతకుముందే బోరుబావులు పెరిగియుండుటచేత, ఈ యింజన్లు పెక్కు కొట్టములపాలైనవి. కాని చేని కుంటలలో నిలిచిన వాననీటిని ఎత్తి ఎండు చేనికి ఒక్క తడి ఇచ్చుటకు, తీగ పోని చోట, నేటికిని డీజిలు ఇంజనే దిక్కు. 2016 ఆగస్టులో మన జిల్లా వేరుశనగకు రెయిన్ గన్నులతో తడులిచ్చినప్పుడు ఈ సంగతి అందఱికిని మరల తెలిసినది.

ఒక్క తడి యనగా నెంత పనియో లెక్క వేయుదము. ఎకరమునకు ఒక అంగుళము, అనగా 25 మిల్లీమీటర్ల నీరు పెట్టవలెనన్న సుమారు ఒక లక్ష లీటర్లు కావలెను. సెకనుకు 10 లీటర్లు పోయు పంపు దీనిని రెండు గంటల ముప్పాతిక సేపటికి పైగా తోడవలెను. 650 చుట్ల ఇంజనులో ఒక్కొక్క వాల్వు నిమిషమునకు 325 మారులు తెఱచుకొని మూసికొనును. ఆ ఒక్క ఎకరము తడియులోపల వాల్వు తన పీటపై 54 వేల మారులకు పైగా కూర్చుండి లేచుచున్నది. అన్ని మారులును సందు లేక కూర్చుండిననే పని జరుగును.

ఇంజను కడుపులోని క్రమము చాలమందికి తెలిసినదే. పిస్టను ఒకమారు దిగి గాలి పీల్చును. పైకి వచ్చి ఆ గాలిని అదుమును. అదుముడు వేడికి చిమ్మిన డీజిలు అంటుకొని పిస్టనును క్రిందికి త్రోయును. మరల పైకి వచ్చి పొగను వెడలగొట్టును. ఈ నాలుగు నడకలకు ఫ్లైవీలు రెండు చుట్లు తిరుగును. గాలి వచ్చు త్రోవకు ఒక వాల్వు, పొగ పోవు త్రోవకు ఒక వాల్వు కలవు. వీనిని ఈ పాఠమున గాలి వాల్వు, పొగ వాల్వు అని పిలుతుము. క్రింద కామ్ అను ఉబ్బెత్తు చక్రము తిరుగుచు ట్యాపెటును, దానిపై నిలిచిన పుష్‌రాడ్డు అను కడ్డీని పైకెత్తును. కడ్డీ రాకరు ఒక కొనను ఎత్తగా, రెండవ కొన వాల్వును క్రిందికి నొక్కును. రాకరు అనగా చిన్న ఏతమే. నడుమ ఇరుసు, ఒక కొన లేచిన రెండవ కొన దిగును. నొక్కుడు వదలినతోడనే స్ప్రింగు వాల్వును తిరిగి పీటపైకి లాగును. ఆ పీటను మేస్త్రీలు సీటు అందురు.

పంపు ఫుట్‌వాల్వులో చిన్న గులకరాయి చిక్కుకొనినచో గొట్టములో నీరు నిలువక, పంపు ఎంత తిరిగినను నీరెత్తదు. ఇంజను వాల్వు సంగతియు అట్టిదే. సీటునకును వాల్వునకును నడుమ వెండ్రుకవాసి సందున్నను అదిమిన గాలి జారిపోవును. గాలి జారిన వేడి పుట్టదు. వేడి పుట్టక డీజిలు అంటుకొనదు. హాండిలు త్రిప్పి త్రిప్పి రైతు చేతులు పడిపోవును గాని ఇంజను పలుకదు.

ఇక పరీక్ష. మొదట డీజిలు కొళాయిని మూసి, డీజిలు పంపును ఆపుడు స్థానమున పెట్టవలెను. పరీక్ష నడుమ ఇంజను హఠాత్తుగ అంటుకొనరాదు. హాండిలు తీసివేయవలెను. వాల్వును ఎత్తిపట్టు డీకంప్రెషను మీట వదలబడియున్నదో లేదో చూడవలెను. నవ్వకుడు, ఆ మీట తుప్పుపట్టి సగములో నిలిచిపోగా, ఇంజను చెడినదనుకొని మూడు క్రోసుల దూరమునుండి మేస్త్రీని పిలిపించినవారిని మేమెఱుగుదుము. పిమ్మట ఫ్లైవీలును చేతితో మెల్లగ, తిరుగవలసిన దిక్కుననే త్రిప్పవలెను. రెండు చుట్లకు ఒకమారు అది బరువై ఎదురు తన్నవలెను. మంచి ఇంజనులో అదుముడు యొద్ద వదలిన చక్రము వెనుకకు ఎగిరిపడును. మీ ఇంజను అట్లు తన్నక మెత్తగ జారిపోయినచో, ఆ చోటనే చక్రమును నిలిపి పట్టుకొని, చెవి యొగ్గి వినుడు. సైలెన్సరు గొట్టమున "సుయ్"మని వినబడిన పొగ వాల్వు కారుచున్నది. గాలి వడపోత డబ్బా వైపున వినబడిన గాలి వాల్వు దోషము. ఆయిలు పోయు రంధ్రమున వినబడిన పిస్టను రింగులు అరిగినవి. నీళ్ళ తొట్టిలో బుడగలు లేచిన హెడ్ గ్యాస్కెటు గాని, హెడ్డు గాని పగిలినది. పంపు ఆడని ప్రశాంతమైన ఉదయమున ఈ పరీక్ష చేయుట మేలు, ఏలయన గాలి వీచునప్పుడు ఆ సన్నని చప్పుడు వినబడదు.

చెవికి తేలనిచో మఱియొక ఉపాయము. గాలి త్రోవగుండ రెండు చెంచాల ఇంజను ఆయిలు సిలిండరులో పోసి, హాండిలు లేకయే చక్రమును నాలుగైదు చుట్లు మెల్లగ త్రిప్పవలెను. అంతట అదుముడు బలపడినచో దోషము రింగులది. ఏమియు మారనిచో వాల్వులది. ఆయిలు రెండు చెంచాలకు మించరాదు; ఎక్కువైనచో పిస్టను పైన నిలిచి ఇంజనుకే ముప్పు.

ఇప్పుడు ఈ పాఠమున మేము ముఖ్యమని తలచు విషయమునకు వచ్చితిమి. వాల్వు కారుచున్నదని తెలిసినతోడనే హెడ్డు విప్పవలదు. మొదట రాకరు సందును చూడవలెను. రాకరు కొనకును వాల్వు కాడకును నడుమ, ఇంజను చల్లగ నున్నప్పుడు, కొలది సందు విడువబడియుండును. ఇది పనివాని లోపమువలన మిగిలిన సందు కాదు. ఇంజను చేసినవారు బుద్ధిపూర్వకముగ విడిచినది. బండి చక్రమునకు పట్టాను కాల్చి ఎక్కించుట చూచినవారికి కారణము చెప్పనక్కఱలేదు. వేడికి ఇనుము పెరుగును. పని మీద నున్నప్పుడు పొగ వాల్వు తల 600 డిగ్రీల సెంటీగ్రేడు దరిదాపులకు కాగవచ్చును. కాగిన వాల్వు కాడ పొడవగును. అట్లు పెరుగుటకు చోటు లేనియెడల వాల్వు రాకరుకు తగిలి, సీటుపై పూర్తిగ కూర్చుండక, వెండ్రుకవాసి తెఱచియే యుండును. ఆ సందుగుండ మండుచున్న వాయువు దూసుకొని పోవును. వాల్వు తలలోని వేడి చాలవఱకు సీటుగుండనే హెడ్డులోనికి, అచ్చటినుండి నీటిలోనికి పోవలసియున్నది. సీటును అంటనిదే వేడి పోదు. వేడి పోనిదే అంచు కాలి గంటు పడును. ఈ గంటు దినదినము పెరుగును.

సందు లేని ఇంజను చప్పుడు చేయదు. ఇందే మోసమున్నది. కళ్యాణదుర్గము వైపు సభ్యులొకరి ఇంజనును చూడబోయినప్పుడు జరిగిన సంగతి చెప్పెదము. క్రిందటి యేడు ఆయన మేస్త్రీని పిలిపించి, "ఏమప్పా, ఇంజను ఇట్ల టకటకమంటాంది?" అని అడిగెనట. మేస్త్రీ, "అదెంత పని సామీ" అని, రాకరు స్క్రూను చప్పుడు పోవుదాక బిగించి, కూలి తీసికొని పోయెను. ఇంజను పదునైదు దినములు నేతిలో తేలినట్లు మెత్తగ నడచినదట. సభ్యులు మిక్కిలి సంతోషించిరి. పదునాఱవ దినమున పొగ నలుపెక్కి, సత్తువ తగ్గి, నెల తిరుగకమునుపే నిలిచినది. మేము హెడ్డు విప్పి చూడగా పొగ వాల్వు అంచున గోరు పట్టునంత గంటు కాలి యుండెను. టకటకమను చిన్న చప్పుడు ఇంజను ఆరోగ్యముగ నున్నదని చెప్పు మాట. చప్పుడు హఠాత్తుగ మాయమైననే భయపడవలెను.

మఱియొకటి. రాకరు కొన, ట్యాపెటు అరిగినప్పుడు సందు పెరుగును. అది చప్పుడు చేసి మనకు చెప్పుకొనును. సీటు అరిగి వాల్వు లోనికి దిగినప్పుడు సందు తగ్గును. అది నోరు విప్పి చెప్పదు. కావున చెవిని మాత్రమే నమ్మరాదు, కొలువవలెను. అట్లని సందు మితిమీరినను కీడే. వాల్వు ఆలస్యముగ తెఱచి త్వరగ మూసికొనుటచేత గాలి చాలదు, పొగ పోదు. సుత్తి దెబ్బల వలె తగిలి రాకరు కొన గుంటపడును. కాడను పట్టు లాకులు విఱుగును.

కొలుచు విధము. ఇంజను పూర్తిగ చల్లారి యుండవలెను. ఫ్లైవీలును త్రిప్పుచు రెండు వాల్వులను గమనింపుడు. పొగ వాల్వు మూసికొనుచుండగా గాలి వాల్వు తెఱచుకొన మొదలిడు క్షణమొకటి వచ్చును. అది పొగ వెడలగొట్టిన నడక చివర. అచ్చటినుండి సరిగ ఒక చుట్టు త్రిప్పిన పిస్టను అదుముడు చివర పైన నిలుచును; రెండు వాల్వులును మూసియుండును. పుష్‌రాడ్డులను వ్రేళ్ళతో త్రిప్పిచూచిన తేలికగ తిరుగవలెను. ఇట్లు చూడక, పిస్టను పైన నున్నది గదా యని పొగ నడక చివరనే కొలిచినవారు తప్పు కొలతనే పెట్టుకొందురు.

అప్పుడు ఫీలరు గేజిలోని తగిన రేకును రాకరు కొన క్రింద దూర్పవలెను. ఎంత మందపు రేకు అనునది ఇంజను వెంట వచ్చిన పుస్తకమును చూచి నిర్ణయింపవలెను. లిస్టరు 6/1 తరహా నిదాన ఇంజన్లకు సాధారణముగ చెప్పు కొలత చల్లగ నున్నప్పుడు అంగుళములో వెయ్యింట 17 వంతులు, అనగా సుమారు 0.43 మిల్లీమీటరు. వేగముగ తిరుగు చిన్న ఇంజన్లకు ఇంతకంటె తక్కువ యుండును; కావున ఒకదాని కొలత మఱియొకదానికి పెట్టరాదు. లాకు నట్టును వదలించి, స్క్రూను సవరించి, పంచాంగపు పుటల నడుమనుండి కాగితమును లాగినట్లు రేకు కొలది పట్టుతో జారునట్లు చేయవలెను. స్క్రూను కదలనీయక పట్టుకొని నట్టును బిగించిన పిమ్మట మరల కొలువవలెను. నట్టు బిగింపుతో కొలత మారుట కద్దు.

ఫీలరు గేజి లేదని కొందఱు హాక్సా బ్లేడు ముక్కను వాడుచున్నారు. దాని మందము సుమారు 0.63 మిల్లీమీటరు, అనగా పైన చెప్పిన కొలతకు ఇంచుమించు ఒకటిన్నర రెట్లు. పోస్టుకార్డు, అగ్గిపెట్టె అట్ట మొదలగునవి నొక్కిన అణగిపోవును. గేజి వెల హాండిలు త్రిప్పలేక పోయిన ఒక దినపు కూలికంటె ఎక్కువ కాదు. రాకరు కొన గుంటపడియున్నచో గేజి రేకు గుంట అంచులపైననే ఆనును. రేకు బిగువుగ నున్నట్లే తోచును గాని లోపల నిజమైన సందు అంతకంటె ఎక్కువ యుండును. అట్టి రాకరును ఆకురాయి చక్రముపై నున్నగ పట్టించి గుంట పోగొట్టిన పిమ్మటనే కొలువవలెను. గుంట లోతుగ నున్నచో రాకరును మార్చుటయే మేలు.

ఊరిలో పాత అంబాసిడరు కారు కలవారికి ఒక మాట. దాని 1489 సీసీ పెట్రోలు ఇంజనులోను ఇవే పుష్‌రాడ్డులు, ఇవే రాకర్లు; నాలుగు సిలిండర్లకు ఎనిమిది వాల్వులు. ముందునుండి వరుసగ 1 మొదలు 8 దాక లెక్కించి, పూర్తిగ తెఱచుకొన్న వాల్వు సంఖ్యకు ఎంత చేర్చిన 9 అగునో ఆ సంఖ్య గల వాల్వును సవరింపవలెను. 1వది తెఱచియున్న 8వది, 3వది తెఱచియున్న 6వది. ఆ కార్ల తయారీ 2014లో నిలిచినను ఈ లెక్క చెడలేదు.

సందు సవరించి, మరల వినుడు. కారుట ఆగినచో పని యంతటితో ముగిసినది. ఆగనిచో హెడ్డు విప్పక తప్పదు.

నీరు వదలి, డీజిలు గొట్టము విప్పి, తెఱచిన కొనలకు శుభ్రమైన గుడ్డ చుట్టవలెను. మన ఎఱ్ఱదుమ్ము రవ్వంత ఇంజెక్టరులో పడినచో వాల్వు మరమ్మతుకు పోయి మఱియొక మరమ్మతు తెచ్చుకొన్నట్లగును. హెడ్డు నట్లను ఒకదానినే పూర్తిగ వదలక, ఎదురెదురుగ కొంచెము కొంచెముగ వదలవలెను. హెడ్డు పోత యినుముది, బరువైనది. ఇద్దఱు పట్టి ఎత్తవలెను. పుష్‌రాడ్డులలో ఏది ఏ వాల్వుదో గుర్తు పెట్టుకొని, అద్దముపై దొర్లించి వంకర చూడవలెను. స్ప్రింగును నొక్కి లాకులు తీయునప్పుడు దానిపై గోనెగుడ్డ కప్పి, మొగము ప్రక్కకు ఉంచుకొనవలెను. అది జారి ఎగిరిన కంటికి ముప్పు.

తీసిన వాల్వు తలపై మసిని కఱ్ఱపుల్లతో గాని రాగిరేకుతో గాని గీకి, కిరసనాయిలుతో కడిగి చూడుడు. అంచున గంటు కాలినదా, తల పలుచబడి కత్తివాదర వలె నైనదా, కాడ వంగినదా, లాకు పట్టు గాడి అరిగినదా? వీనిలో ఏ యొక్కటి యున్నను ఆ వాల్వును తిరిగి వేయవలదు. పలుచబడిన అంచు ఎఱ్ఱగ కాగి విఱిగినచో ముక్క పిస్టను మీద పడును. అప్పుడు నిజముగనే పిస్టను కొనవలసివచ్చును. స్ప్రింగును క్రొత్తదాని ప్రక్క నిలిపి పొడవు పోల్చవలెను. కాడను గైడులో పెట్టి ప్రక్కలకు కదలింపుడు. బాగుగ ఊగినచో గైడు అరిగినది. గైడు మార్చక వాల్వును మాత్రము అరగదీసిన లాభము లేదు, ఏలయన కాడ నిలకడ లేనిది తల సీటుపై ఒకే చోట కూర్చుండదు.

వాల్వు, సీటు మచ్చలు మాత్రమే పడి బాగున్నచో చేతి అరగదీత చాలును. సీటుపై వాల్వు ముఖమునకు గ్రైండింగు పేస్టును చిటికెడు మాత్రము అక్కడక్కడ అంటించి, మొదట గరుకుది, తరువాత మెత్తనిది వాడవలెను. రబ్బరు పట్టు గల కఱ్ఱను వాల్వు తలకు అంటించి, మజ్జిగ కవ్వము త్రిప్పినట్లు రెండు అరచేతుల నడుమ ఇటు అటు త్రిప్పవలెను. కొన్ని మారులు త్రిప్పి, వాల్వును ఎత్తి, పావు చుట్టు జరిపి మరల త్రిప్పవలెను. ఒకే దిక్కున గిరగిర త్రిప్పిన వలయపు గీతలు పడును. నొక్కి త్రిప్పవలదు, పని పేస్టుది, బలము మనది కాదు. సీటు చుట్టును, వాల్వు చుట్టును ఎక్కడను తెగని బూడిదరంగు వలయము కనబడినతోడనే ఆపవలెను. మఱింత మంచిదగునని గంటసేపు త్రిప్పువారు సీటును వెడల్పు చేసి చెఱుపుచున్నారు. ఆ వలయము ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల వెడల్పుండిన చాలును. మచ్చలు లోతుగ నుండి ఎంతకును పోనిచో చేతిపని విడిచి, అనంతపురము, హిందూపురము వంటి పట్టణమున యంత్రముతో సీటు కోయించి, వాల్వు ముఖము పట్టించుట మంచిది. ఏ వాల్వును ఏ సీటుపై అరగదీసితిమో దానిపైననే తిరిగి వేయవలెను.

పిమ్మట కడుగుట. అరగదీతకంటె కడుగుటకే ఎక్కువ ఓపిక కావలెను. పేస్టు అనగా ఇనుమును తిను ఇసుక. గైడులో చిటికెడు మిగిలినను అది రాత్రింబగళ్ళు తినుచునే యుండును. కిరసనాయిలుతో రెండు మారులు, గైడులోపల గుడ్డపేలిక దూర్చి లాగుచు కడుగవలెను. వాల్వులు, స్ప్రింగులు బిగించి, హెడ్డును ప్రక్కకు పండబెట్టి, త్రోవలో కిరసనాయిలు పోసి, ఒక చుట్ట కాల్చునంతసేపు చూడవలెను. చుట్టను మాత్రము ఆ దరిదాపుల ముట్టింపవలదు. సీటు వైపున తడి కానరానిచో పని కుదిరినది.

హెడ్డును తిరిగి ఎక్కించునప్పుడు పాత గ్యాస్కెటు వాడరాదు. క్రొత్తది పాతదాని మందమే గలదై యుండవలెను. మందము మారిన పిస్టనుకును హెడ్డునకును నడుమ చోటు మారి అదుముడు మారును. నట్లను ఎదురెదురుగ, మూడు విడతలుగ బిగింపవలెను. వాల్వు అరగదీసినపుడు అది సీటులోనికి కొంచెము దిగును, రాకరు సందు తగ్గును. కావున సందును మరల మొదటినుండి కొలిచి పెట్టవలెను. ఇది మఱచినవారి శ్రమ యంతయు పదునైదు దినములలో బూడిద యగును.

ఇంజను ఇంత త్వరగ ఏల చెడినదని పెక్కుమంది అడుగుదురు. మన సీమలో మొదటి నేరము దుమ్ముది. ఆషాఢమున వీచు గాలి ఎట్టిదో, నేటి శ్రీ సత్యసాయి జిల్లాలోని రామగిరి గుట్టలపై దానితో విద్యుత్తు తీయు గాలిమరలను చూచినవారికి తెలియును. ఆ గాలియే చేని మన్నును ఎత్తి మన ఇంజను ముక్కులో పోయుచున్నది. వడపోత డబ్బాలోని ఆయిలు బురదయైనను మార్చనివారి ఇంజనులో గాలి వాల్వు గైడు మొదట పోవును. పంపు ఆడు దినములలో వారమున కొకమారు ఆ ఆయిలును చూచుట మేలు. రెండవ నేరము మనది. పెక్కు పాత యింజన్లలో రాకర్లకు ఆయిలు తనంతట తాను పోదు. ఇంజను ఎక్కించు ప్రతిమారును ఆయిలు డబ్బాతో రాకరు ఇరుసుకును వాల్వు కాడకును నాలుగు బొట్లు వేయవలెను. అడుగున ఆయిలు నిండుగ నున్నది గదా యని ఊరకుండువారు పొరబడుచున్నారు.

పని లేని నెలలలో వాల్వులు కాడ తుప్పుపట్టి గైడులో బిగిసికొనును. తెఱచియున్న త్రోవగుండ తేమ చేరును. కందిరీగలు సైలెన్సరు గొట్టములో మట్టిగూళ్ళు కట్టును. పంపు పని ముగిసిన దినమున ఫ్లైవీలును అదుముడు చివర, రెండు వాల్వులు మూసియుండు చోట నిలిపి, పొగగొట్టమునకు డబ్బా బోర్లించి, వాల్వు కాడలకు ఆయిలు పెట్టి విడువవలెను. పదునైదు దినముల కొకమారు నాలుగు చుట్లు త్రిప్పి, తిరిగి అదే చోట నిలుపవలెను. ఇప్పటికే బిగిసినదానిని సుత్తితో మోదరాదు. ఎక్కింప ప్రయత్నించినను పుష్‌రాడ్డు వంగును. కిరసనాయిలు, ఇంజను ఆయిలు సగపాళ్ళు కలిపి కాడపై పోసి ఒక రాత్రి నాననిచ్చి, ఉదయమున కఱ్ఱసుత్తితో మెల్లగ తట్టి కదలింపవలెను. ఒక రాత్రికి కదలనిచో రెండవ రాత్రియు నాననీయుడు.

ఫీలరు గేజి, స్ప్రింగు నొక్కు పట్టకారు, రబ్బరు పట్టు కఱ్ఱ, రెండు రకముల పేస్టు. ఈ సామాను ఒక్కొక్క రైతు కొననక్కఱలేదు. గ్రామ సంఘము ఒక పెట్టెలో కొని యుంచి, తీసికొనిపోయినవారి పేరు వ్రాసికొని ఇచ్చినచో ఊరి ఇంజన్ల కన్నిటికిని చాలును. గేజి రేకులకు ఆయిలు పూసి తిరిగి ఇచ్చునట్లు మాత్రము కట్టడి చేయవలెను. తుప్పుపట్టిన రేకు తప్పు కొలత చెప్పును. ఈ పని విత్తుటకు ముందే, వైశాఖ జ్యేష్ఠములలో తీఱిక నున్నప్పుడే చేసికొనుట మంచిది. అప్పుడు వాల్వు దొరకక నాలుగు దినములు ఆలస్యమైనను పోవునది ఏమియు లేదు.

మరమ్మతైన ఇంజనును మొదటి అరగంట బరువు లేక నడపి, ఆపి, చల్లారిన పిమ్మట హెడ్డు నట్లను మరల చూడవలెను. పది గంటలు నడచిన తరువాత ఇంకొకమారు చూడవలెను. క్రొత్త గ్యాస్కెటు అణగి నట్లు మఱికొంత బిగిసినప్పుడు హెడ్డుతోపాటు రాకర్లును క్రిందికి దిగును, సందు తగ్గును. కావున నట్లు బిగించిన ప్రతిమారును రెండు వాల్వుల సందును కొలువవలెను. ఆ తేదీని, రెండు కొలతలను కొట్టము తలుపు లోపలి వైపున సున్నముతో వ్రాసియుంచుడు. వచ్చు ముంగారున మరల కొలిచినప్పుడు, ఏ వాల్వు సందు ఎంత తగ్గినదో ఆ వ్రాత చూచిన తెలియును.